ఇంటిపేరు మారిన మిడత

ఆ మెయిలు చదివిన దగ్గర్నుంచీ నేను ఒక్క చోట కూర్చోలేదు. మ్యూజియంలో నా గది ఎంతుంటుందని? కిటికీ నుంచి బీరువా దాకా, బీరువా నుంచి మైక్రోస్కోపు దాకా, అంతే. ఆ కాస్త చోటులోనే కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, పక్క గదిలో సీతాకోకచిలుకల పని చూసే ఆవిడ తలుపులోంచి తొంగి చూసింది.

"ఏమ్మా, ఏదన్నా పోయిందా?"

"పోలేదు. పోబోతోంది," అన్నాను.

పోబోతున్నది మా అత్తయ్య పేరు.

మొదట్లో మా ఆయనకు చెప్పినా అర్థం కాలేదు కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. ప్రతి పురుగుకూ శాస్త్రంలో రెండు మాటల పేరుంటుంది. మనకు లాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ ఇంటిపేరునే ప్రజాతి అంటాం. రెండింటి వెనకాల, దానికి ఆ పేరు పెట్టిన మనిషి పేరు వస్తుంది. మా మామయ్యగారు ఆకుమిడతల మీదే జీవితమంతా ధారపోశారు. నేనిప్పుడు కుదురుగా కూర్చోలేకపోతున్న ఈ కుర్చీ ఆయనదే. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక కొత్త మిడతను కనిపెట్టారు. ఈనెలతో సహా అచ్చం ఆకే. దానికి మా అత్తయ్య పేరు పెట్టారు. "నగ చేయించమంటే పురుగు చేయించాడమ్మా మీ మామయ్య," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేది. నవ్వేది గానీ ఆ నవ్వులో ఎంత మురిపెమో నాకు తెలుసు.

ఆవిడ పోయాక మామయ్యగారి మంచం పక్కన గోడకు ఆవిడ ఫొటో పెట్టబోతే వద్దన్నారు. ఆ మిడత బొమ్మే ఉండనిమ్మన్నారు. కింద చిన్న అక్షరాల్లో ఆవిడ పేరుంటుంది కదా, అది చాలట. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకోగానే మొదట చూసేది దాన్నే.

ఇప్పుడు ఆ పేరు కొట్టేస్తానంటున్నాడు ఒక పెద్దమనిషి. ఎక్కడో దేశం కాని దేశంలో ఉంటాడు. ఎప్పుడూ ముఖం చూడలేదు. లోకంలో అందరి తప్పులూ దిద్దడమే ఆయన పని, అందుకని మేమంతా సవరణల స్వామి అంటాం. ఎంతో మర్యాదగా రాశాడు. మీ మామగారి మిడత వేరే జాతేం కాదు, అంతకు ముందే పేరున్న ఇంకో మిడతే, కాబట్టి తర్వాత పెట్టిన పేరు చెల్లదు, నా వ్యాసం త్వరలో అచ్చుకు వెళ్తోంది, అభ్యంతరం ఉంటే వెంటనే తెలపగలరు అని. చూసింది ఫొటో! ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పేశాడు మహానుభావుడు. కొట్టేసిన పేరును తర్వాత ఎవరైనా బతికించవచ్చు, నిజమే. ఎవరికి పట్టింది? అప్పటికి మామయ్యగారు ఉండాలి కదా.

నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. ఎందుకంటే స్వామి మాటలో సగం నిజం ఉంది. ఆ మిడత మామయ్యగారు పెట్టిన చోట ఇమడదు. ఆయన దాన్ని ఒక మూగ ప్రజాతిలో పెట్టారు. ఆకుమిడతల్లో మగవి కూస్తాయి, ఒక రెక్కను ఇంకో రెక్క మీద గీసి. కొన్నిటికి మాత్రం ఆ ఏర్పాటే ఉండదు, అవి మూగవి. మామయ్యగారికి దొరికింది ఒకే ఒక్క ఆడమిడత, అప్పట్లో వాళ్ళ ఇంటి దీపానికి వచ్చి పడ్డది. రెక్క ఆకారం చూసి మూగవాళ్ళ ఇంటిపేరు తగిలించారు. ఆ కాళ్ళు, ఆ నుదురు ఆ ఇంటివి కావని నాకు చాన్నాళ్ళుగా అనుమానం. అనుమానం పైకి అనడానికి నోరు రాలేదు. ఎవరంటారు? ఒకే ఇంట్లో ఉంటూ, పొద్దున లేస్తే ఆయన చేత్తో కలిపిన కాఫీ తాగుతూ!

ఇక రెండే దారులు. నేను నోరు మూసుకుంటే స్వామి పుణ్యమా అని అత్తయ్య పేరు పోతుంది. నోరు తెరిచి, ఇది ఎవరిదో పాత మిడత కాదు, దీనిది అసలు వేరే ఇల్లు, కొత్త ప్రజాతి అని రుజువు చేస్తే పేరు నిలుస్తుంది, ఇంటిపేరు మాత్రం మారుతుంది. కాకపోతే మామయ్యగారు తప్పు చేశారని ప్రపంచానికి ముందుగా చెప్పేది నేనవుతాను. రుజువు చేయాలంటే మగమిడత కావాలి. ఇన్నేళ్ళలో ఒక్కరికీ దొరకని మగమిడత.

అప్పుడు గుర్తొచ్చింది అత్తయ్య చెప్పిన చెవి డాక్టరు కథ.

వాళ్ళు కాపురం పెట్టిన కొత్తల్లో మ్యూజియం వెనక క్వార్టర్సులో ఉండేవాళ్ళట. అత్తయ్య పిల్లలకు పాట నేర్పేది, శ్రుతి కాస్త తప్పినా ఊరుకునే రకం కాదు. పెరటి గోడ మీద తీగ ఉండేది. సాయంత్రమైతే ఆ తీగలోంచి సన్నగా గీరుతున్న చప్పుడు వస్తోందని, పాఠం చెప్పుకోనివ్వడం లేదని ఆవిడ గోల. "అది మీ మిడతే, నాకు తెలుసు, వింటారా కాస్త!" అని ఆయన్ని గోడ దగ్గరికి లాక్కెళ్ళేదట. ఆయన నిలబడి, చెవులు రిక్కించి, "ఏమీ లేదు. ఆ మిడత మూగది. నీకు చెవుల్లో హోరు," అనేవారట. ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరితే చివరికి ఆయనేం చేశారు? ఆవిణ్ణి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు! డాక్టరు ఆవిడ చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మామయ్యగారు నమ్మలేదు, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ కథ ఆవిడ చెప్పినప్పుడల్లా మేం పడీ పడీ నవ్వేవాళ్ళం, మామయ్యగారితో సహా.

ఇప్పుడు నవ్వు రాలేదు. బ్యాగు కూడా తీసుకోకుండా వలా, టార్చిలైటూ పట్టుకుని వెనక్కి పరిగెత్తాను.

క్వార్టర్సు ఎప్పుడో ఖాళీ చేశారు. తలుపులకు తాళాలు, కిటికీల్లో అట్టలు. గోడ మాత్రం ఉంది, దాని మీద అదే తీగో, దాని పిల్లల పిల్లల తీగో, విరగబడి అల్లుకుని ఉంది. పొద్దు వాలుతోంది. నిలబడ్డాను. మొదట రోడ్డు మీద బస్సుల చప్పుడే. తర్వాత, అన్నిటికంటే పైన, చాకు మీద గోరుతో గీసినట్టు ఒక సన్నని చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. "అత్తయ్యా, నీ నోట్లో చక్కెర పొయ్య!" అని పైకే అన్నాను. ఎవరైనా వింటే పిచ్చిదనుకునేవాళ్ళు.

పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మోచేతులు గీసుకుపోయాయి, చీర అంచు మేకుకు తగిలి చిరిగింది. కానీ పట్టుకున్నాను. ఒకటి కాదు, కొన్ని. మామయ్యగారి ఆడమిడతవే ఆ కాళ్ళు, ఆ నుదురు. మర్నాడు ఒకదాని రెక్క మైక్రోస్కోపు కింద పెడితే, అడుగున దువ్వెన పళ్ళ లాంటి వరస, ఎంత తీరుగా ఉందో! ఏ ఇంటి మిడతలకూ లేని వరస. పక్క గది ఆవిణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. చాలాసేపు చూసి, "ఇది కొత్త ఇల్లే," అంది. ఆగి, "మీ మామగారికి చెప్పావా?" అంది.

అదీ అసలు సంగతి.

వ్యాసం రాయడం మొదలుపెట్టాను గానీ చేతులు ఒకచోట, మనసు ఒకచోట. ఇంట్లో గిన్నె పెట్టబోతే గరిటె పడేసేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపేసేదాన్ని. మా ఆయన, "నువ్వు తిరగడం ఆపకపోతే నాకు కళ్ళు తిరిగేలా ఉన్నాయి," అన్నాడు. చెప్పాను. విని, "నాన్నకు చెప్పకుండా పంపకు. చెప్పకుండా అస్సలు పంపకు," అన్నాడు. ఆయనకేం, చెప్పేశాడు.

మామయ్యగారి సంగతి మీకు తెలియదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి అచ్చుయంత్రాల మధ్య పెరిగిన మనిషి. ఆ రొదలో పని నేర్చుకున్నందుకేమో, గొంతు కాస్త పెద్దది, పట్టుదల ఇంకా పెద్దది. తన చెవుల గురించి ఆయనకున్న గర్వం ఇంతా అంతా కాదు. "నావి పాము చెవులు," అంటారు. పక్క గదిలో గొంతు తగ్గించి మాట్లాడుకున్నా అందులో సగం ఆయన వినేస్తారు, అది నిజమే. పాములకు బయటికి చెవులే ఉండవని మిడతల శాస్త్రవేత్తకు నేను చెప్పాలా? ఫ్రిజ్ తలుపు తీసి వదిలేస్తారు, అది కీచు కీచుమని మొత్తుకుంటున్నా అక్కడే నిలబడి పేపరు చదువుకుంటారు. మతిమరుపు అనుకునేవాళ్ళం. నేనూ అలాగే అనుకున్నాను చూడండి.

ఆ సాయంత్రం జాలీ పెట్టెలో ఒక మగమిడతను ఇంటికి తెచ్చి, వంటింటి బల్ల కింద దాచి, కాఫీ ఇచ్చి చెప్పాను. ముందు స్వామి మెయిలు సంగతి. ఆయన ముఖం పాలిపోయింది. గోడ మీద బొమ్మ ఉన్న గది వైపు చూశారు. తర్వాత నా సంగతి చెప్పాను. అప్పుడు ముఖం ఎర్రబడింది.

"అంటే నన్ను బ్రాకెట్లో పెడతావా, అమ్మాయ్?"

ఇది బయటివాళ్ళకు అర్థం కాదు. జాతిని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారిస్తే, మొదట పేరు పెట్టినవాళ్ళ పేరును బ్రాకెట్లో రాయాలని రూలు. పేరు పెట్టింది ఈయనే, ఇల్లు మాత్రం మారింది అని చెప్పడానికి. అందులో తలవంపులేమీ లేవు. కానీ మా వాళ్ళకు అది చాలా పట్టింపు.

"మీరొక్కరే కాదు మామయ్యగారూ, పెద్ద పెద్దవాళ్ళంతా బ్రాకెట్లలోనే ఉన్నారు."

"వాళ్ళు పోయారు. నేను బతికే ఉన్నాను."

"మరి అత్తయ్య పేరు పోతుందే!"

"స్వామికి నేను జవాబు రాస్తాను. అది మూగదే, దాని ఇల్లు అదే, పాత జాతి వేరు, నాది వేరు. ఆ తీగ పక్కన కూర్చుని నేను స్వయంగా విన్నాను. ఎన్ని సాయంత్రాలు! చీమ చిటుక్కుమంటే వినపడేది. అది కూయదు."

నాకు ముక్కు మీద కోపం. అందరికీ తెలుసు, దాచుకోను. బల్ల కిందికి వంగి పెట్టె తీసి ఆయన ముందు ఠపీమని పెట్టాను. మిడత బెదిరి ఊరుకుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒంగి చూశారు. ఎంత కోపంలోనూ పురుగును చూస్తే ఆ కళ్ళలో వెలుగొస్తుంది. "మగది," అన్నారు మెల్లిగా. "అబ్బ. మగదే."

ఇద్దరం ఎదురు చూశాం. కాసేపటికి రెక్కలు కొంచెం ఎత్తి, అది మొదలుపెట్టింది. వంటిల్లంతా గీరేస్తున్నట్టు, పళ్ళు పులిసిపోయేలా. నేను ఆయన ముఖంలోకి చూశాను, గెలిచినట్టుగా.

ఆయన ఇంకా ఎదురు చూస్తున్నారు. తల ఒక పక్కకు వంచి, చెయ్యి చెవి వెనక పెట్టి, ఎంతో శ్రద్ధగా.

"చూశావా?" అన్నారు. "రెక్కలాడిస్తోంది, అంతే. మూగదని చెప్పానా?"

సరిగ్గా అప్పుడే మా ఆయన ముందు గదిలోంచి కేక పెట్టాడు: "ఏంటా గోల? చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆపండి బాబూ!"

మామయ్యగారు చెవి వెనక చెయ్యి తీయలేదు. తలుపు వైపు చూశారు, నా వైపు చూశారు, పెట్టె వైపు చూశారు. మిడత కూస్తూనే ఉంది. ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగడం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"ఇప్పుడు కూస్తోందా?" అని అడిగారు.

"కూస్తోంది మామయ్యగారూ."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా."

లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. కాఫీ అలాగే ఉంది. నా మీద నాకు అసహ్యం వేసింది. పేరు నిలబెడదామని బయలుదేరి మనిషిని పడగొట్టాను కదా అనిపించింది. మా ఆయనకు చెబితే, "నాన్న ఫ్రిజ్ తలుపు..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పట్టించుకోవాల్సిన సంగతి ఇన్నాళ్ళూ పెడచెవిన పెట్టింది ఆయనొక్కరేనా?

తెల్లారి లేచేసరికి ఆయన మంచం మీద లేరు. చెప్పులు లేవు. గోడ మీద మిడత బొమ్మ కూడా లేదు. మా ఆయన ఒక వైపు, నేనొక వైపు వీధులన్నీ వెతికాం. మందుల షాపు, పార్కు, బస్టాపు. దారిలో కనిపించిన ప్రతి ముసలాయన ముఖంలోకీ చూశాను. చివరికి పక్క గది ఆవిడ ఫోను చేసింది. "మీ మామగారు ఇక్కడ నీ గది ముందు కూర్చున్నారు. లోపలికి రమ్మంటే నువ్వు వచ్చేదాకా రానంటున్నారు. కుర్చీ ఇప్పుడు నీదట."

రొప్పుతూ వెళ్ళాను. తిడదామనుకున్నాను. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద ఒద్దికగా కూర్చుని ఉన్నారు, డాక్టరు పిలుపు కోసం ఎదురు చూస్తున్నట్టు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అమ్మాయ్," అన్నారు, "దాని కూత నాకు వినపడేలా చెయ్యగలవా?"

చెయ్యగలను. ఆయన చెవికి అందనిది సన్నని శ్రుతే. కూత రికార్డు చేసి, వేగం తగ్గించి వేస్తే శ్రుతి కిందికి దిగుతుంది. గబ్బిలాల కూతలు అలాగే వింటారు. తాళం తీసి, నా కుర్చీలోనే కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. ఎంత తగ్గించాలో తెలియక కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. "లేదు," అన్నారు. "లేదు." ఇంకా తగ్గించాను. "లేదమ్మా."

ఇంకొంచెం.

ఆయన కదలకుండా అయిపోయారు. రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకున్నారు. అయిపోయాక, "మళ్ళీ వెయ్యి," అన్నారు. వేశాను. "మళ్ళీ." ఆ మళ్ళీలు ఎన్నో లెక్క పెట్టలేదు. నేను కిటికీ దగ్గరికి, బీరువా దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను, నా కళ్ళు ఆయనకు కనపడకూడదని.

"ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిప్పాను దాన్ని," అన్నారు చివరికి. హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి గట్టిగా అరిచినట్టే అన్నారు, వరండా అంతా వినపడేలా. "చెవుల్లో చుక్కలు కూడా వేయించాను. పాపం, వేయించుకుంది. పాట నేర్పే మనిషి! ఆఖరి దాకా అందరికీ చెప్పి నవ్వింది గానీ, నా మాటే తప్పు అని ఒక్కసారి కూడా అనలేదమ్మా. వినండి అంది. అంతే అంది."

పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, కళ్ళజోడు మార్చుకుని, "ఏదీ, నీ వ్యాసం," అన్నారు. ఇచ్చాను. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, చదువుతూ, నా వాక్యాలను మామూలుగా చీల్చి చెండాడారు. కాలి వర్ణన సరిగ్గా లేదట. ఒక కామా ఎక్కువైందట. బ్రాకెట్లో ఉన్న తన పేరు దగ్గర కాస్త ఆగి, ఏమీ అనకుండా ముందుకు వెళ్ళారు. అమ్మయ్య అనుకున్నాను.

"ఇదేంటి? కొత్త ప్రజాతి పేరు దగ్గర ఖాళీ?"

"ఏదీ కుదరడం లేదు మామయ్యగారూ. తీగ అనీ, గోడ అనీ, దువ్వెన అనీ అన్నీ రాసి కొట్టేశాను. ఒక్కటీ నచ్చలేదు. అవతల స్వామి ఆగడు. నాకు పిచ్చెక్కుతోంది."

ఆయన ఎర్ర పెన్నుతో ఆ ఖాళీలో ఏదో రాసి నా వైపు తిప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా, ఉన్నది తెలుగు మాటే, అత్తయ్య మాటే: "వింటారా."

"ఇలా పెట్టొచ్చా?" అన్నాను.

"ఎందుకు పెట్టకూడదు? ఏ భాష మాటైనా పెట్టొచ్చు. చివర 'ఆ' అక్షరం ఉంది, స్త్రీలింగం కింద చెల్లుతుంది. ఇంతకు ముందు ఎవరూ వాడి ఉండరు, చూసుకో." ఒకప్పటి సారు గొంతు. "అవతలివాడు పంపేలోపల పంపు. నిలబడి చూస్తావేం?"

చూసుకున్నాను. ఎవరూ వాడలేదు. కాలు దిద్ది, కామా తీసేసి, పంపేశాను. ఒక నకలు స్వామికి కూడా, రెక్క ఫొటోతో, కూతతో. పాపం, ఆయన మంచివాడే. మర్నాడే జవాబిచ్చాడు, తన వ్యాసంలోంచి ఆ పేరా తీసేస్తున్నానని, కూత అద్భుతంగా ఉందని. అయినా మా వ్యాసం బయటికి వచ్చేదాకా నేను కుదురుగా తిన్నది లేదు, పడుకున్నది లేదు.

అచ్చయి వచ్చిన రోజు ఆ పేజీ పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. మామయ్యగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కొత్తగా పెట్టించిన చెవి మిషను అప్పుడప్పుడూ కుయ్యిమంటుంటే విసుక్కుంటున్నారు. ఫ్రిజ్ ఇంత గోల చేస్తుందని ఎవరూ చెప్పలేదేమని ఆ వారమంతా మమ్మల్ని సాధించారు. పేజీ చేతికిచ్చి, పేరున్న చోట వేలు పెట్టి చూపించాను.

దగ్గరగా పెట్టుకుని పైకి చదివారు. ముందు ఇంటిపేరు: "వింటారా." ఆ వెంటనే అత్తయ్య పేరు. ఆ వెనక, బ్రాకెట్లో, తన పేరు.

ఆ రెండు గీతల మధ్య ఉన్న తన పేరును చూస్తూ ఆగారు. గోడ మీద బొమ్మ వైపు తిరిగారు. నేనక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయారు.

"వింటున్నానే," అన్నారు. "చెప్పు."